కృష్ణా డెల్టాలో పాటల రేడియో

కృష్ణా డెల్టాలో పాటల రేడియోకు మూలస్థానం విజయవాడ. 1948లో అక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ ఎఫ్‌ఎం ఛానళ్లు, ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాలు వచ్చాయి. వీటి ప్రసారాలే గుడివాడ, పెదపారుపూడి, పామర్రు, మచిలీపట్నం, అవనిగడ్డ ప్రాంతాల శ్రోతలకు పాటను చేరవేశాయి. శాస్త్రీయ సంగీతంతో, లలిత గీతాలతో మొదలైన ఈ ప్రసారాలు క్రమంగా సినిమా పాటకు, ఆ తర్వాత దరువు ప్రధానమైన హుషారు పాటకు మళ్లాయి. భాష కూడా అలాగే మారింది. తెలుగు ఒక్కటే వినిపించిన చోట హిందీ, ఇంగ్లీషు కలిసిన మాట స్థిరపడింది. అమెరికా నగరాల్లో స్పానిష్, ఇంగ్లీషు కలిపి లాటిన్ సంగీతం వినిపించే కేంద్రాలతో ఈ తీరుకు దగ్గరి పోలిక ఉంది.

ప్రాంతం, తరంగాల నడక

కృష్ణా డెల్టా పాటకు పుట్టిల్లు. పదకర్త క్షేత్రయ్య ఊరు మొవ్వ. నాట్యానికి పేరైన కూచిపూడి ఆ పక్కనే ఉంది. గాయకుడు, సంగీత దర్శకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు 1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి, సినీ కవి వేటూరి సుందరరామ్మూర్తి ఇద్దరూ దివిసీమలోని పెదకళ్లేపల్లికి చెందినవారు. పత్రికల విషయంలోనూ ఈ నేలకు గట్టి చరిత్ర ఉంది. మచిలీపట్నం నుంచి 1902లో ‘కృష్ణాపత్రిక’ వెలువడింది. ‘ఈనాడు’ స్థాపకుడు రామోజీరావు 1936లో పెదపారుపూడిలో జన్మించారు. అయినా రేడియో మాత్రం ఈ ఊళ్లలో పుట్టలేదు. ఎగువన ఉన్న విజయవాడ నుంచే వచ్చింది. ఆ దూరమే ఇక్కడి శ్రోతల అనుభవాన్ని చాలావరకు నిర్ణయించింది.

విజయవాడ ఆకాశవాణి ప్రధాన ప్రసారం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద, 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో సాగింది. ఈ తరంగం పొడవు దాదాపు 358 మీటర్లు. ఇంత పొడవైన తరంగం నేలను అంటిపెట్టుకుని నడుస్తుంది. నేలలో తేమ, ఉప్పు ఉంటే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి తరంగం తక్కువ నష్టంతో దూరం పోతుంది. వరిచేలు, కాలువలు, ఉప్పునేలలతో నిండిన డెల్టా ఇందుకు బాగా అనుకూలం. అందువల్లే చిన్న ట్రాన్సిస్టరు మీద కూడా దివిసీమ చివరి పల్లెల్లో విజయవాడ స్పష్టంగా పలికేది.

ఎఫ్‌ఎం సంగతి వేరు. ఉదాహరణకు 102.2 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు మీటర్లకు కొంచెం తక్కువ. అది దాదాపు చూపు మేరకే ప్రయాణిస్తుంది. భూమి వంపుకు అవతల ఉన్న చోటును చేరడం కష్టం. లెక్క ప్రకారం 100 మీటర్ల ఎత్తున్న టవరు నుంచి, నేల మీద రెండు మీటర్ల ఎత్తులో ఉన్న రేడియోకు సుమారు 47 కిలోమీటర్ల వరకు నేరు దారి ఉంటుంది. డాబా మీద పది మీటర్ల ఎత్తులో ఏరియల్ పెడితే అది 54 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. గుడివాడ విజయవాడకు గాలిదారిలో 40 కిలోమీటర్ల లోపే ఉంది. మచిలీపట్నం, అవనిగడ్డ 60 కిలోమీటర్లు దాటి ఉన్నాయి. పెదపారుపూడిలో శుభ్రంగా వినిపించే పాట మచిలీపట్నం చేరేసరికి బుసలో కలిసిపోవడానికి కారణం ఇదే. డెల్టా చదునుగా ఉండడం వల్ల తరంగానికి కొండ అడ్డం ఉండదు, ఏరియల్‌ను ఎత్తున నిలబెట్టేందుకు కొండ ఆసరా కూడా దొరకదు.

మద్రాసు, హైదరాబాదు కాలం

తెలుగువారికి రేడియో మొదట రెండు దిక్కుల నుంచి వచ్చింది. మద్రాసులో 1924లోనే ఔత్సాహికుల రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. 1938 జూన్ 16న అక్కడ ఆలిండియా రేడియో కేంద్రం ప్రారంభమైంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన కృష్ణా జిల్లాకు తెలుగు కార్యక్రమాలు అక్కడి నుంచే అందేవి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా పిల్లలకు పరిచయమైనది మద్రాసు నుంచే. కవి, స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో ఆ కేంద్రంలో చేరి తెలుగు లలిత గీతానికి ఒక రూపం తెచ్చారు.

హైదరాబాదులో 1933లో ప్రైవేటు ప్రయత్నంగా మొదలైన చిన్న కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుని ‘దక్కన్ రేడియో’గా నడిపింది. అందులో ఉర్దూది పైచేయి. తెలుగుతోపాటు మరాఠీ, కన్నడ భాషలకూ చోటు ఉండేది. ఒకే కేంద్రం పలు భాషలకు గాలిలో సమయం పంచడం తెలుగు నేల మీద కొత్త విషయం కాదనడానికి ఇది తొలి సాక్ష్యం. అయితే దక్కన్ రేడియోలో భాషలు గంటల లెక్కన విడివిడిగా ఉండేవి. ఒకే వాక్యంలో రెండు భాషలు కలవడం ఎఫ్‌ఎం కాలపు లక్షణం. 1950లో ఆ కేంద్రం కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది.

విజయవాడ కేంద్రం

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. తర్వాత బందరు రోడ్డు మీది పున్నమ్మతోట దాని చిరునామాగా స్థిరపడింది. మద్రాసు కేంద్రంలో తెలుగు తమిళంతో సమయం పంచుకోవలసి వచ్చేది. విజయవాడలో తొలిసారిగా రోజంతా తెలుగుకే దక్కింది. పాటలో, నాటకంలో, వ్యవసాయ ప్రసంగంలో కోస్తా పలుకుబడి నేరుగా వినిపించే వీలు కలిగింది.

సంగీతంలో ఈ కేంద్రం సాధించినది పెద్దది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వేంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి విద్వాంసులు ఇక్కడ పనిచేశారు. తెల్లవారగానే వచ్చే ‘భక్తిరంజని’లో తత్త్వాలు, కీర్తనలు, స్తోత్రాలు వినిపించేవి. పొయ్యి మీద పాలు కాగుతున్న వేళ అవి ఇంటింటి పాటలయ్యాయి. ఓలేటి నిర్వహించిన ‘సంగీత శిక్షణ’ గురువు దగ్గరకు వెళ్లే వీలులేని పల్లెటూరి పిల్లలకు పాఠశాల అయింది. రజనీకాంతరావు ఈ కేంద్రానికి సంచాలకులుగా పనిచేసి 1978లో పదవీ విరమణ చేశారు. ఆ కాలంలో మొదలైన ‘ధర్మసందేహాలు’ కార్యక్రమం ఉషశ్రీగా పేరుపొందిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు గొంతుతో ఇంటింటికీ చేరింది. ఆయన చెప్పిన రామాయణ భారతాలను ఆదివారం మధ్యాహ్నాలు జనం రేడియో చుట్టూ చేరి విన్నారు.

వినే పద్ధతి అప్పట్లో ఉమ్మడిగా ఉండేది. రేడియో కొనడం అందరి వల్లా అయ్యేది కాదు. సెట్టుకు తపాలా కార్యాలయంలో ఏటా లైసెన్సు కట్టాలి. ఈ నిబంధన 1980ల మధ్యలోగానీ పూర్తిగా పోలేదు. పంచాయతీ కార్యాలయం దగ్గరి రేడియోకు తగిలించిన లౌడుస్పీకరే చాలా ఊళ్లకు రేడియో. రచ్చబండ మీద కూర్చున్నవారు, కాలువ గట్టున నడిచేవారు, పొలం నుంచి తిరిగొచ్చేవారు ఒకే పాటను ఒకేసారి వినేవారు. 1960లలో ట్రాన్సిస్టరు సెట్లు రావడంతో రేడియో భుజానికి వేలాడుతూ పొలం గట్టుకూ, పడవలోకీ చేరింది.

సినిమా పాట, సిలోన్, వివిధ భారతి

1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు ఆగిపోయాయి. శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేయాలన్నది ఆయన ఉద్దేశం. శ్రోతలు మాత్రం మీట తిప్పి కొలంబో వైపు వెళ్లారు. రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ నడిపిన హిందీ పాటల కార్యక్రమం ‘బినాకా గీత్‌మాలా’ దేశమంతటా పేరు తెచ్చుకుంది. అదే కేంద్రం నుంచి తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతు కోస్తా జిల్లాల్లో చిరపరిచితమైంది. తెలుగు పాట కోసం సముద్రం అవతలి కేంద్రాన్ని పట్టుకోవలసి రావడం ఆనాటి విచిత్ర పరిస్థితి. శ్రోతకు కావలసినది సొంత కేంద్రం ఇవ్వకపోతే అతడు దేశపు హద్దునైనా దాటి వెళ్తాడని అది నిరూపించింది.

ప్రభుత్వం ఇచ్చిన జవాబు వివిధ భారతి. 1957 అక్టోబరు 3న మొదలైన ఈ సేవ సినిమా పాటను తిరిగి ఆకాశవాణిలోకి తెచ్చింది. 1967 నుంచి వాణిజ్య ప్రకటనలూ చేరాయి. తెలుగు కేంద్రాల్లో ‘జనరంజని’ పేరుతో వచ్చిన కోరిన పాటల కార్యక్రమం ఒక కొత్త అనుబంధాన్ని కల్పించింది. పోస్టుకార్డు మీద పాట పేరు, దాని కింద ఇంటిల్లిపాది పేర్లు రాసి పంపేవారు. పాటకు ముందు తమ పేరు, ఊరి పేరు గాలిలో వినిపించడమే పెద్ద సంబరం. మారుమూల పల్లె పేరు రాష్ట్రమంతా మోగే అవకాశం అంతకుముందు మరెక్కడా దొరకలేదు. నేటి రేడియో జాకీ ఫోనులో శ్రోతను పలకరించే పద్ధతికి ఆ పోస్టుకార్డే పూర్వరూపం.

వివిధ భారతి చేసిన మరో మేలు భాషల కలయిక. తెలుగు పాటల కార్యక్రమం అయిపోగానే ముంబయి నుంచి హిందీ పాటలు వచ్చేవి. హిందీ మాట్లాడడం రాని ఇళ్లలో కూడా హిందీ పాటలు నోటికి వచ్చేశాయి. రెండు భాషల పాటను ఒకే చెవితో వినే అలవాటు డెల్టా శ్రోతకు ఎఫ్‌ఎం కన్నా చాలా ముందే ఏర్పడింది.

ఎఫ్‌ఎం రాక

దేశంలో తొలి ఎఫ్‌ఎం ప్రసారం 1977 జూలై 23న మద్రాసులో మొదలైంది. చాలా ఏళ్లు అది కొన్ని నగరాలకే పరిమితమైంది. 1993లో ఆకాశవాణి కొన్ని మహానగరాల్లో ఎఫ్‌ఎం సమయాన్ని ప్రైవేటు సంస్థలకు అమ్మడం మొదలుపెట్టింది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత ప్రభుత్వం ప్రైవేటు కేంద్రాలకు వేలం పద్ధతి తెచ్చింది. 2001 జూలైలో బెంగళూరులో రేడియో సిటీ తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రంగా గొంతు విప్పింది. 2005లో వచ్చిన రెండో దశ విధానంతో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, రాజమండ్రి, వరంగల్ వంటి నగరాలకు ప్రైవేటు ఎఫ్‌ఎం చేరింది.

విజయవాడలో రేడియో మిర్చి 98.3 మీద, రెడ్ ఎఫ్‌ఎం 93.5 మీద వినిపిస్తాయి. ఆకాశవాణి తరఫున 102.2 మీద రెయిన్‌బో కృష్ణవేణి నడుస్తుంది. ఒక ఇంగ్లీషు మాటనూ ఒక నది పేరునూ జతచేసిన ఈ పేరులోనే ఎఫ్‌ఎం కాలపు స్వభావం కనిపిస్తుంది. దేశమంతటా ఒకే తీరుగా ఉండే సేవకు రెయిన్‌బో గుర్తు. ఊరికి సొంతమైన దానికి కృష్ణవేణి గుర్తు.

మీడియం వేవ్ నుంచి ఎఫ్‌ఎంకు మారడం సంగీతాన్నీ మార్చింది. మీడియం వేవ్‌లో రెండు కేంద్రాల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. అందువల్ల పాటలోని పైస్వరాలు చాలావరకు కత్తిరించుకుపోతాయి. గొంతు వినిపిస్తుంది కానీ తాళాల మెరుపు, డ్రమ్ముల లోతు తగ్గుతాయి. ఎఫ్‌ఎం 15 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాన్ని మోస్తుంది. స్టీరియోలో ఎడమ కుడి వేరుగా వినిపిస్తుంది. ఉరుముల గరగర చాలావరకు పోతుంది. మాటకు, కీర్తనకు మీడియం వేవ్ సరిపోయింది. దరువు మీద నిలబడే పాటకు ఎఫ్‌ఎం కావలసి వచ్చింది. ఎఫ్‌ఎం కేంద్రాలు హుషారు పాటల వైపు మొగ్గడానికి మార్కెట్టు ఒక కారణమైతే, ఈ సాంకేతిక సదుపాయం మరో కారణం.

రెండు భాషల మాట

విజయవాడ ఎఫ్‌ఎం కేంద్రాలకు తెలుగే పునాది. పాటల్లో అధిక భాగం తెలుగు సినిమావే. కానీ కేంద్రాల పేర్లు, కార్యక్రమాల పేర్లు, జాకీల మాట ఇంగ్లీషుతో అల్లుకుని ఉంటాయి. రెడ్ ఎఫ్‌ఎం నినాదం ‘బజాతే రహో’ హిందీ. మిర్చి తెలుగులో ‘ఇది చాలా హాట్ గురూ’ అనే నినాదాన్ని వాడింది. ఆ చిన్న వాక్యంలోనే తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన కూర్చున్నాయి. హైదరాబాదులో ఈ కలయికలోకి హిందీ, ఉర్దూ ఇంకా లోతుగా వస్తాయి. అక్కడి జాకీ ఒకే ఊపిరిలో దక్కనీ యాస నుంచి తెలంగాణ తెలుగుకు మారగలడు.

ఇలాంటి భాషకు ప్రపంచంలో ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలో ఉంది. టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో ఎన్నో ఏళ్లు రాక్ సంగీతం వినిపించిన కేఎల్‌ఓఎల్ కేంద్రం 2004 నవంబరులో ‘మెగా 101’గా మారి స్పానిష్, ఇంగ్లీషు కలిపిన ప్రసారాలు మొదలుపెట్టింది. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో కేఎక్స్‌ఓఎల్ ‘లాటినో 96.3’గా అదే దారి పట్టింది. అమెరికాలో పుట్టిన లాటినో యువత ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతుంది. వారి కోసం ఈ కేంద్రాలు రెగెటోన్, హిప్‌హాప్, లాటిన్ పాప్ కలిపి వేశాయి. జాకీలు రెండు భాషల్నీ కలిపి మాట్లాడారు. ఒక్క స్పానిష్ కేంద్రంగానీ, ఒక్క ఇంగ్లీషు కేంద్రంగానీ తమది అనిపించని తరానికి అవి సొంత గొంతు ఇచ్చాయి.

విజయవాడలో పరిస్థితి పూర్తిగా అదే కాదు. అమెరికాలో రెండో భాష వలస వచ్చిన కుటుంబాల మాతృభాష. ఇక్కడ రెండో భాష చదువుకూ ఉద్యోగానికీ చెందిన ఇంగ్లీషు, వినోదానికి చెందిన హిందీ. అయినా ఒక విషయం రెండు చోట్లా నిజం. శ్రోత వీధిలో మాట్లాడే భాష గాలిలో వినిపించినప్పుడే కేంద్రం అతనిదవుతుంది. అచ్చమైన గ్రాంథికం దూరం పెంచుతుంది. తెలుగు ఆనవాలే లేని ఇంగ్లీషూ అంతే. మంచి జాకీ ఈ రెంటి మధ్య తూకం పట్టగలవాడు. డెల్టా శ్రోత ‘ఏవండోయ్’ అని పిలిపించుకోవాలనుకుంటాడు. వాతావరణం గురించి, ట్రాఫిక్ గురించి ఇంగ్లీషు మాటలు విన్నా అభ్యంతరపడడు.

లాటిన్ లయ, తెలుగు దరువు

లాటిన్ సంగీతం తెలుగు శ్రోతకు ఎఫ్‌ఎంతోనే పరిచయమైందనుకోవడం సరికాదు. మద్రాసు సినిమా వాద్యబృందాల్లో బొంగో, కొంగా, మరాకాస్ వంటి క్యూబా, దక్షిణ అమెరికా వాద్యాలు 1950ల నుంచే మామూలయ్యాయి. క్లబ్బు పాటల్లో, హాస్యపాటల్లో రంబా, చాచాచా నడకలు వినిపించాయి. విజయవాడ రేడియోలో ఆ పాటలు విన్నవారు పేరు తెలియకుండానే లాటిన్ లయను చెవికి పట్టించుకున్నారు.

లాటిన్ లయల్లో తెలుగు చెవికి సులువుగా ఎక్కేది 3, 3, 2గా విడిపోయే నడక. ఎనిమిది మాత్రల కాలంలో మొదటి, నాలుగో, ఏడో మాత్రల మీద దెబ్బ పడుతుంది. రెగెటోన్ సంగీతానికి ఆయువుపట్టు ఇదే. పనామా, ప్యూర్టోరికోలలో రూపుదిద్దుకున్న ఆ సంగీతాన్ని 2004లో డాడీ యాంకీ పాడిన ‘గాసోలినా’ ప్రపంచమంతా తిప్పింది. 2017లో వచ్చిన ‘డెస్పసీతో’ స్పానిష్ పాటను భాష రాని దేశాలకు కూడా చేర్చింది. కర్ణాటక సంగీతంలో ఆదితాళం కూడా ఎనిమిదే. అయితే అది 4, 2, 2గా విడిపోతుంది. మొత్తం ఒకటే, విరుపు వేరు. ఎనిమిది లెక్కకు అలవాటుపడిన చెవికి ఆ కొత్త విరుపు వింతగా కాక ఉల్లాసంగా అనిపిస్తుంది.

తెలుగు హుషారు పాటకు మరో మూలం మూడు మాత్రల నడక. శాస్త్రంలో దాన్ని తిశ్రం అంటారు. జానపదంలో డప్పు మీద, కోలాటంలో, కోతల పాటల్లో అది సహజంగా పలుకుతుంది. ఎం.ఎం. కీరవాణి స్వరపరచి, చంద్రబోస్ రాసిన ‘నాటు నాటు’ ఈ నడకలోనే పరుగెత్తి 2023 మార్చిలో ఆస్కార్ గెలిచింది. దేవిశ్రీప్రసాద్ ‘ఆర్య 2’ కోసం చేసిన ‘రింగ రింగ’ బాణీ 2011లో హిందీ సినిమా ‘రెడీ’లోకి వెళ్లి అక్కడా జనాన్ని ఆడించింది. బాణీ ఒక భాష నుంచి మరో భాషకు దాటడానికి లయే వంతెన అని ఇలాంటి పాటలు చూపిస్తాయి. పలు భాషల్లో ఒకేసారి విడుదలయ్యే సినిమాలు పెరిగాక, ఒకే పాట తెలుగు రూపం, హిందీ రూపం ఒకే రోజు వేర్వేరు కేంద్రాల్లో మోగడం మామూలైంది.

ఆదాయం, నియమాలు

ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రం శ్రోత దగ్గర డబ్బు తీసుకోదు. బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, విద్యాసంస్థలు, సినిమాలు ఇచ్చే ప్రకటనలే దాని ఆదాయం. వేలంలో కట్టిన ప్రవేశ రుసుము, ఏటేటా కట్టే లైసెన్సు రుసుము, టవరు అద్దె, కరెంటు, జీతాలు దాని ఖర్చు. పాటల హక్కుదారులకు చెల్లించే మొత్తం మీద చాలా ఏళ్లు వివాదం నడిచింది. 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు ప్రకటనల నికర ఆదాయంలో 2 శాతం చెల్లించాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం చిన్న నగరాల కేంద్రాలకు ఊపిరి పోసింది.

వార్తల విషయంలో ప్రైవేటు కేంద్రాలకు పెద్ద పరిమితి ఉంది. 2011 మూడో దశ విధానం ప్రకారం అవి ఆకాశవాణి వార్తలను యథాతథంగా మాత్రమే వినిపించవచ్చు. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షా ఫలితాలు, ప్రవేశాలు, కరెంటు, నీటి సరఫరా వంటి స్థానిక సమాచారాన్ని వార్తగా లెక్కించరు. ఈ చిన్న చిన్న కబుర్లే స్థానిక కేంద్రానికి ప్రాణం. పాట ఎక్కడైనా దొరుకుతుంది. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో, గుడివాడ దారిలో ఎక్కడ బండ్లు ఆగిపోయాయో ఆ ఊరి కేంద్రమే చెప్పగలదు.

తుఫాను వేళ

డెల్టాలో రేడియో విలువను సంగీతంతో మాత్రమే కొలవలేం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేల ప్రాణాలు పోయాయి. అధికారిక లెక్కలే దాదాపు పదివేలు. ఎన్నో పల్లెలకు హెచ్చరిక అందలేదు, అందిన చోట నమ్మి కదలడానికి తగిన ఏర్పాట్లు లేవు. ఆ విషాదం తర్వాత తుఫాను రక్షణ భవనాలు, హెచ్చరికల యంత్రాంగం బలపడ్డాయి. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన భీకర తుఫానులో మరణాలు దాదాపు వెయ్యి. అది కూడా పెద్ద నష్టమే. కానీ ముందే లక్షలాది మందిని తరలించడం వల్ల 1977నాటి ఘోరం తిరిగి జరగలేదు. మచిలీపట్నంలో 2004లో ఏర్పాటైన డాప్లర్ వాతావరణ రాడారు తుఫాను గమనాన్ని ముందుగా పసిగట్టే శక్తిని పెంచింది.

ఈ హెచ్చరికల గొలుసులో చివరి లంకె రేడియో. గాలికి కరెంటు స్తంభాలు కూలినప్పుడు టీవీ ఆగిపోతుంది. సెల్ టవర్లకు కరెంటు లేకపోతే ఫోన్లు మూగబోతాయి. రెండు బ్యాటరీలతో నడిచే ట్రాన్సిస్టరు మాత్రం పలుకుతూనే ఉంటుంది. వేటకు వెళ్లవద్దని జాలర్లకు చెప్పే హెచ్చరిక, ఏ నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారన్న సమాచారం, సహాయ శిబిరాల వివరాలు దానిద్వారానే చేరతాయి. రోజూ పాట వినే అలవాటు ఉన్న ఇంట్లోనే ఆపదవేళ రేడియో చేతికందుతుంది. అందుకే పాటల కేంద్రాన్ని వినోదపు సాధనంగా మాత్రమే చూడడం పొరపాటు.

సామాజిక రేడియో

పెద్ద కేంద్రానికీ ఊరికీ మధ్య ఖాళీని పూరించేది సామాజిక రేడియో. 2006 నవంబరులో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు కూడా ఇందుకు అనుమతి ఇచ్చింది. 2008 అక్టోబరు 15న అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో ‘సంఘం రేడియో’ మొదలైంది. దళిత మహిళలు నడిపే ఈ కేంద్రంలో విత్తనాల గురించి, వంటల గురించి, వ్యవసాయం గురించి వాళ్ల సొంత తెలుగే వినిపిస్తుంది. పల్లెటూరి నోటి మాటకు స్టూడియోలో సంస్కారం అక్కర్లేదని ఆ కేంద్రం నిరూపించింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణ నుంచి ప్రసారమయ్యే ‘బోల్ హైదరాబాద్’ పలు భాషల విద్యార్థి రేడియోకు ఉదాహరణ.

సామాజిక రేడియోకు అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లు. ఏరియల్ ఎత్తు మామూలుగా 30 మీటర్లకు మించదు. చదునైన నేల మీద అది పది, పన్నెండు కిలోమీటర్ల మేర స్పష్టంగా వినిపిస్తుంది. పెదపారుపూడి వంటి మండల కేంద్రం నుంచి చుట్టుపక్కల పల్లెలన్నిటినీ కలపడానికి అంత చాలు. చేపల చెరువుల్లో ఆక్సిజను తగ్గడం, వరికి దోమపోటు, పెడన కలంకారీ పనివారి సమస్యలు, కూచిపూడి పిల్లల పాటలు అలాంటి కేంద్రానికి ముడిసరుకు. నడపడానికి కావలసినది పెద్ద పెట్టుబడి కన్నా ఓపిక ఉన్న మనుషులు, ఏటేటా ఖర్చు భరించే సంస్థ.

ప్రస్తుత పరిస్థితి

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో మచిలీపట్నం, ఏలూరు, భీమవరం, చీరాల వంటి పట్టణాలు ఉన్నాయి. మాతృభాషలో స్థానిక ప్రసారాలను పెంచడం ఈ నిర్ణయపు ఉద్దేశాల్లో ఒకటి. మచిలీపట్నంలో టవరు లేస్తే ఎఫ్‌ఎం ఎగువ నుంచి దిగువకు కాక, సముద్రం ఒడ్డు నుంచి ఎగువకు మోగుతుంది. 60 కిలోమీటర్ల గాలిదారి సమస్య తీరుతుంది. అవనిగడ్డ, నాగాయలంక వైపు పల్లెలు స్పష్టమైన ఎఫ్‌ఎం పరిధిలోకి వస్తాయి.

మరోవైపు పాటలు ఫోనులోకి మారాయి. యాప్‌లలో కోరిన పాట కోరిన క్షణంలో దొరుకుతుంది. ఆకాశవాణి కూడా ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్ ద్వారా తన కేంద్రాలను ప్రపంచమంతటికీ అందిస్తోంది. విదేశాల్లో స్థిరపడిన డెల్టా కుటుంబాలు టవరు దూరంతో పనిలేకుండా విజయవాడను వింటున్నాయి. ఇంటర్నెట్‌లో తెలుగువన్ సంస్థ ‘టోరీ’ రేడియోను నడిపింది. ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ ఎస్‌బీఎస్ 2018లో తెలుగును తన భాషల్లో చేర్చుకుంది. ఈ ప్రసారాల్లోనూ తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే నడుస్తాయి.

పాటల నిల్వలో యాప్‌తో రేడియో పోటీపడలేదు. దాని బలం వేరు. మైకు ముందు కూర్చున్న మనిషి వినేవారి ఊరును ఎరిగినవాడై ఉంటాడు. పాట హవానాలో పుట్టినా, చౌటపల్లి వారసత్వం నుంచి వచ్చినా, దాన్ని పరిచయం చేసే గొంతు తమ యాసలో పలకాలని శ్రోత కోరుకుంటాడు. పోస్టుకార్డుల కాలం నుంచి ఎఫ్‌ఎం దాకా కృష్ణా డెల్టా రేడియోలో భాషలు, లయలు, యంత్రాలు మారాయి. ఈ కోరిక మాత్రం మారలేదు.